మావోడికి మ్యాప్ చూడ్డం ఎలగ నేర్పాలి? తూర్పు అడిగితే పడమర చూపిస్తన్నాడు

సిక్కోలు_అమ్మ

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం టౌను. మా బాబుకి ఏడు నిండి ఎనిమిదో ఏడు, స్కూళ్లు తెరిస్తే మూడో తరగతి. సెలవుల్లో పొద్దస్తమానం ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడని ఒక ఇండియా మ్యాపూ ఒక ఆంధ్రా మ్యాపూ కొని వాడి టేబుల్ ఎదురుగా గోడకి అంటించాను, రంగులు బాగున్నాయి వాడే చూసుకుంటాడులే అని. చూశాడు కూడా. నెల తిరక్కుండా రాష్ట్రాల పేర్లన్నీ గడగడా అప్పజెప్పేస్తున్నాడు, చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆయన వాణ్ణి నిలబెట్టి చెప్పించడం వాళ్లు అబ్బో అనడం, ఇదంతా అయ్యింది.

మొన్నాదివారం కళింగపట్నం బీచ్‌కి బయల్దేరుతూ ఊరికే అడిగా, ఒరే సముద్రం ఎటుందిరా అని. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెయ్యి చాపి విజయనగరం వైపు చూపించాడు!! అటు కాదురా నాన్నా అంటే ఏడుపు, మ్యాప్‌లో సముద్రం కుడిచేతి పక్కనే ఉంది నేను రోజూ చూస్తున్నా కదా అని. పైగా నార్త్ అంటే పైన అని స్కూల్లో చెప్పారంట. అయితే ఒడిశా వాళ్లు మన పైన ఉంటారా, వాన పడితే ముందు వాళ్ల మీద పడి తర్వాత మన మీద పడుతుందా అని అడిగాడు. నవ్వయితే వచ్చింది గానీ జవాబు రాలేదు.

అసలు ఈ వయసుకి మ్యాప్ అర్థమవుతుందా, నేనే తొందరపడుతున్నానా? గ్లోబ్ కొనమని మా తమ్ముడు అంటున్నాడు. పిల్లలకి నేర్పిన వాళ్లు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి ప్లీజ్.

నాకెందుకీ_గోల

ఏడేళ్ల గుంటడికి మ్యాపేటండీ బాబూ. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేస్తే కుడికి తిరుగు ఎడమకి తిరుగు అని అదే చెప్తాది, వాడు పెద్దోడయ్యేసరికి బండి కూడా అదే నడిపీసుకుంటాది. ఆడుకోనివ్వండి.

రిటైర్డ్_మాస్టారు

అమ్మా, గ్లోబ్ సంగతి తర్వాత. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. ఆ మ్యాపు ఏ గోడకి అంటించారు?

సిక్కోలు_అమ్మ

దక్షిణం గోడకి మాస్టారూ. మాది తూర్పు ముఖం ఇల్లు. ఉత్తరం గోడకి టీవీ ఉంది, ఇంక మిగిలింది అదే. మా అత్తగారు దక్షిణానికి క్యాలెండర్ పెట్టొద్దంటారు గానీ మ్యాప్ గురించి ఏమీ అనలేదు 😀

రిటైర్డ్_మాస్టారు

మీ అత్తగారు అనుంటే బాగుండేది!

మీవాడిది తప్పు కాదమ్మా, గోడది. దక్షిణం గోడ వైపు తిరిగి కూర్చుంటే కుడిచెయ్యి పడమరకి పోతుంది. మ్యాప్‌లో కుడి వైపు బంగాళాఖాతం, వాడి ఒంటికి కుడి వైపు విజయనగరం. వాడు రోజూ చూసింది చూసినట్టు నిజాయితీగా చూపించాడు. మనం పెద్దాళ్లం గోడ మీద బొమ్మని మనసులోనే తిప్పేసుకుంటాం, ఆ తిప్పుకోవడం ఆ వయసుకి రాదు. నేను ముప్ఫై ఏళ్లు పైచిలుకు చిన్నపిల్లలకి చెప్పాను, పదో తరగతి వచ్చినా ఇది సరవ్వని పిల్లల్ని చూశాను, ఎందుకంటే మొదటిరోజే గోడ మీద మొదలెడతాం.

కాబట్టి గోడ మీంచి తీసి నేల మీద పరవండి. పై అంచు మీ టీవీ గోడ వైపు ఉండాలి. వాణ్ణి మ్యాప్ కింది అంచు దగ్గర, ఉత్తరం వైపు మొహం పెట్టి కూర్చోబెట్టండి. ఇప్పుడు శ్రీకాకుళం మీద వేలు పెట్టి సముద్రం వైపు గీత లాగమనండి, ఆ వేలు ఎటు పోతుందో చెయ్యి అటే చాపమనండి. అది వీధి గుమ్మం వైపే పోతుంది. ఒక్కసారి వాడికి ఆ రెండూ కలిసాయంటే మీరు చెప్పాల్సింది సగం అయిపోయింది. ఇంకో లాభం, నేల మీద పరిచాక నార్త్ అంటే "పైన" అన్న మాట దానంతటదే పోతుంది. పైన ఫ్యాన్ ఉంటుంది, ఉత్తరాన టీవీ గోడ ఉంటుంది.

దిక్కులు వేరే నేర్పక్కర్లేదు, మన ఇళ్లల్లో ఉన్నవే. ఈశాన్యం మూల నీళ్లు, ఆగ్నేయం మూల వంటిల్లు, నైరుతిలో బరువు అని మీ అత్తగారు రోజూ అంటూనే ఉంటారు. వాస్తు మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి, నాకు పెద్దగా లేదు, కానీ ఎనిమిది దిక్కుల పేర్లు నోట్లో నానుతున్న ఇల్లు పిల్లాడికి మంచి బడి. బిందె ఏ మూల ఉంది, బీరువా ఏ మూల ఉంది అని ఆడించండి. తర్వాత అదే ఆట రాష్ట్రం మ్యాప్ మీద ఆడొచ్చు. మన శ్రీకాకుళం జిల్లా రాష్ట్రానికి ఈశాన్యం మూల, ఇచ్ఛాపురం ఆ మూలకి మూల. విశాఖపట్నం మనకి తిన్నగా దక్షిణం అని చాలామంది అనుకుంటారు, కాదు, నైరుతి. ఆమదాలవలస స్టేషన్ మాత్రం ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరమే.

వాన ప్రశ్న అద్భుతం, నవ్వకండి. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళని తాకి అక్కణ్ణుంచి పైకి ఎగబాకుతాయి. అంటే వాడి లెక్కలో చెప్పాలంటే వాన "కింద" వాళ్లకి ముందొచ్చి "పైన" వాళ్లకి తర్వాత వస్తుంది! వారం పది రోజుల్లో ఎలాగూ వార్తల్లో ఆ గీతలు చూపిస్తారు, పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. నాగావళి కలహండి కొండల నుంచి కిందకి వస్తుంది కదా అని వాడు అడిగితే, అది కొండ ఎత్తు కాబట్టి వచ్చింది, మ్యాప్‌లో పైన ఉంది కాబట్టి కాదు అని చెప్పి నైలు నది చూపించండి. అది దక్షిణం నుంచి ఉత్తరానికి పారి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది, గోడ మీద మ్యాప్‌లో చూస్తే నీళ్లు గోడెక్కినట్టుంటుంది.

ఇజీనారం_అప్ప

మాస్టారు చెప్పింది వంద శాతం. మాది విజయనగరం, నేను ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తాను, అంతా ఒకటి నుంచి అయిదు లోపు పిల్లలే. నేను అసలు అచ్చు మ్యాప్ మొదటి నెల బయటకి తియ్యను. ఎందుకంటే మ్యాప్ అంటే పైనుంచి చూసిన బొమ్మ అన్న సంగతే వాళ్లకి తెలీదు. అందుకని ముందు టేబుల్ మీద గ్లాసు, చెంబు, పెన్సిల్ బాక్సు పెట్టి, పిల్లల్ని కుర్చీ ఎక్కించి (పట్టుకోండి పడతారు) పైనుంచి చూసి గీయమంటా. చెంబు ఉత్త గుండ్రం అయిపోయిందేటి టీచర్ అని గొడవ. ఆ గొడవ అయిందంటే పని అయినట్టే. తర్వాత గది. తర్వాత మా వీధి. డాబా ఎక్కి చూసి గీస్తారు.

ఆ తర్వాత ఇంటి నుంచి వాళ్లకి తెలిసిన చోటికి దారి బొమ్మ. మా ట్యూషన్లో అందరూ గంటస్తంభం దాకా గీస్తారు. కొంతమంది మూడు లాంతర్ల మీంచి వస్తారు కొంతమంది పెద్దచెరువు గట్టు పక్క నుంచి వస్తారు, కాయితాలు పక్కపక్కన పెడితే ఒకే ఊరికి ఇన్ని దార్లా అని వాళ్లకే ఆశ్చర్యం. ఒకడు ఘోరం, ఇంటికీ గంటస్తంభానికీ మధ్య ఒక కుక్కని గీశాడు, కుక్క గంటస్తంభం కంటే పెద్దది. ఎందుకురా అంటే అది రోజూ వెంటపడుతుంది టీచర్ అన్నాడు. నేను దిద్దలేదు. మొదటి బొమ్మల్లో భయం ఉన్నది పెద్దగా వస్తాది, ఇష్టమైన బజ్జీల బండి పెద్దగా వస్తాది, దాన్ని దిద్దితే ఇంక గీయడమే మానేస్తారు. రెండో బొమ్మకో మూడో బొమ్మకో కుక్క దానంతటదే తగ్గిపోయింది.

ఇంకోటి సిక్కోలు అమ్మగారూ, గళ్లు నేర్పడానికి ముగ్గు వాడండి. పదకొండు చుక్కలు పెట్టి, అడ్డ వరసకి అ ఆ ఇ ఈ, నిలువు వరసకి 1 2 3 రాసి, "ఇ-4 దగ్గర చాక్లెట్ దాచాను" అంటే చాలు. మగపిల్లలు ముగ్గు మాదేటి అని మూతి ముడుస్తారు, చాక్లెట్ అనగానే ముందు వాళ్లే. అట్లాస్‌లో వెనక పేజీల్లో ఊరి పేరు పక్కన రాసుండే అక్షరం, అంకె ఇదే కదా. అక్షాంశాలు రేఖాంశాలు కూడా పెద్దయ్యాక ఇదే ముగ్గు, కాకపోతే భూమంతా వేసిన ముగ్గు.

దిక్కులకి నా చిట్కా ఏటంటే మధ్యాన్నం పన్నెండుకి ఆరుబయట ఒక కర్ర నిలబెడితే నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడతాది, కంపాస్ అక్కర్లేదు. ఫోన్ కంపాస్ నమ్మకండి, ఇనప బీరువా పక్కన పెడితే ఇష్టమొచ్చినట్టు తిరుగుతాది.

గొలుసు_లింకు

నేను సర్వేలో పనిచేసి రిటైరయ్యాను, పేరు ఎందుకులెండి. అప్ప గారు చెప్పిన కుక్క మాటకి వస్తా, ఆ కుక్క తగ్గడమే స్కేలు. స్కేలు అనేది పిల్లలకి లెక్కగా చెప్తే ఎక్కదు, కాళ్లతో చెప్తే ఎక్కుతాది. గడుల లెక్కల పుస్తకం తియ్యండి. ఒక అడుగు వేస్తే ఒక గడి. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా నడిచి ఎన్ని అడుగులో అన్ని గడులు గీత గీయాలి. పేజీ చాలకపోతే? అప్పుడు వాడే అంటాడు, రెండడుగులకి ఒక గడి పెట్టుకుందాం అని. వాడి నోట్లోంచి ఆ మాట వచ్చేదాకా ఆగండి, మీరు చెప్పీకండి. మేము చేసింది కూడా అంతే, కాకపోతే అడుగు బదులు గొలుసు. పాత గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, 80 గొలుసులు వేస్తే మైలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మా చిన్నతనంలో గొలుసు పట్టుకున్నోడి వెనకాల ఊళ్లో పిల్లలంతా వచ్చేవారు, అంతకి మించిన జాగ్రఫీ క్లాసు లేదు.

కొంచెం పెద్దయ్యాక సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల షీట్ చూపించండి. వాళ్ల సైట్లో రిజిస్టర్ చేసుకుంటే ఉచితంగానే దిగుతాది. 1:50,000 అంటే భయపడక్కర్లేదు, రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. మాస్టారు చెప్పిన ఆమదాలవలస స్టేషన్ మన టౌన్ నుంచి తిన్నగా కొలిస్తే 12 కిలోమీటర్లు, అంటే కాయితం మీద 24 సెంటీమీటర్లు, వాడి స్కూల్ స్కేలు సరిపోతాది. రోడ్డు వంకర్లు తిరుగుతాది కదా అంటాడు, అప్పుడు దారం ఇవ్వండి. రోడ్డు మీద దారం పరిచి, తీసి, స్కేలు మీద పెట్టి కొలవడం. ఇంత చిన్న పనికి పిల్లలకి ఎంత సరదాయో చూడండి.

ఒక సంగతి అడుగుతాను, మీరు కొన్న ఆంధ్రా మ్యాప్‌లో జిల్లాలు పాత 13 ఏ ఉన్నాయా, కొత్తవి కూడా ఉన్నాయా? షాపుల్లో పాతవి ఇంకా అమ్ముతన్నారు. 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. పాతదైనా పారీకండి, అదీ పాఠమే. మా అత్తారిది పాలకొండ. మా మావగారు పుట్టినప్పుడు అది విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఆయన ఇల్లు మారలేదు, అదే అరుగు అదే వేపచెట్టు, మూడు జిల్లాలు చూసీసినాడు. బొబ్బిలి, సాలూరు వాళ్లయితే శ్రీకాకుళం జిల్లాలో ఉండి 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పెట్టినప్పుడు అందులోకి వెళ్లారు, మళ్లీ సాలూరు ఇప్పుడు మన్యంలోకి. మ్యాప్ మీద నీలం గీతలు దేవుడు గీసినవి, నల్ల గీతలు మనం గీసినవి అని నేను మా మనవరాలికి చెప్తుంటాను. అది వెంటనే, మరి దేవుడి గీత కూడా వరదొస్తే మారతాది కదా తాతా అంది. వంశధార ఒడ్డున పుట్టిన పిల్ల, దానికి తెలీదేటి.

సిక్కోలు_అమ్మ

గొలుసు గారూ, లెక్కపెట్టాను, 13 😭 మోసపోయాను. మా అమ్మావాళ్లది రాజాం, మ్యాప్‌లో చక్కగా శ్రీకాకుళంలోనే ఉంది, నేనూ గమనించలేదు, ఇప్పుడది విజయనగరం జిల్లా కదా.

ఇంకో గొడవ. అప్ప గారు చెప్పినట్టు ఇవాళ డాబా మీద పన్నెండుకి కర్ర పెట్టాం. పెద్ద నీడేమీ లేదు, మీటరు కర్రకి మూడు నాలుగు వేళ్లంత. అది కూడా ఉత్తరానికి కాదు, దక్షిణం వైపు ఉంది!! మావోడు నన్ను చూసి "అమ్మా ఇప్పుడు ఎవరు తప్పు, నువ్వా కర్రా" అన్నాడు. మళ్లీ మొదటికొచ్చాం.

రిటైర్డ్_మాస్టారు

కర్ర రైటు. అప్ప గారు చెప్పింది ఏడాదిలో తొమ్మిది నెలల పైన నిజం, ఈ రెండున్నర నెలలు కాదు.

మనం ఉన్నది 18 డిగ్రీల చిల్లర అక్షాంశం మీద, కర్కట రేఖకి దక్షిణంగా. అందుకని సూర్యుడు మన నడినెత్తి మీదకి ఏడాదికి రెండు సార్లు వస్తాడు, మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి. ఆ రోజుల్లో నడిమధ్యాన్నం కర్రకి నీడే ఉండదు. ఆ రెండింటి మధ్యలో సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మీరు మే ఆఖర్లో పెట్టారు కదా, సరిగ్గా అదే చూశారు. ఢిల్లీలో పెడితే ఏడాది పొడుగునా నీడ ఉత్తరానికే, వాళ్లు కర్కట రేఖ దాటి ఉన్నారు. పుస్తకాల్లో రాసేది ఆ లెక్క, మనం అదే ఇక్కడా చెప్పేస్తాం.

ఇంకోటి, పన్నెండుకి అని గడియారం చూడకండి. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, అది కాకినాడ దగ్గర నుంచి పోతుంది. మనం దానికి తూర్పున ఉన్నాం కాబట్టి సూర్యుడు మన దగ్గరికి ముందే వస్తాడు, ఈ రోజుల్లో అయితే పన్నెండుకి ఏడెనిమిది నిమిషాల ముందే. పిల్లాడితో పదకొండున్నర నుంచి పన్నెండుంబావు దాకా అయిదేసి నిమిషాలకి నీడ చివర ఒక గులకరాయి పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడ ఏదో అదే ఉత్తర దక్షిణాల గీత. ఎండ భయంకరంగా ఉంది, మధ్యమధ్య నీడలోకి పంపండి, మజ్జిగ ఇవ్వండి, లేకపోతే జాగ్రఫీ సంగతేమో గానీ వడదెబ్బ ఖాయం.

సూర్యుడు ఉదయించే వైపు తూర్పు అన్నది కూడా కాస్త జాగ్రత్తగా చెప్పాలి. ఇప్పుడు పొద్దున్నే లేచి చూడండి, సూర్యుడు ఈశాన్యానికి బాగా జరిగి వస్తున్నాడు. చలికాలంలో ఆగ్నేయానికి జరుగుతాడు. అచ్చంగా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబర్ 23 ఆ ప్రాంతంలోనే. దీనికి మీ ఊళ్లోనే ఋజువుంది కదా, అరసవల్లి. స్వామి పాదాల మీద కిరణాలు మార్చిలో కొన్ని రోజులు, అక్టోబర్‌లో కొన్ని రోజులే పడతాయి, రోజూ ఎందుకు పడవు అని వాణ్ణి అడగండి. సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయిస్తే రోజూ పడాలి కదా. వాడు వెంటనే చెప్పకపోయినా ఫరవాలేదు, ఆ ప్రశ్న బుర్రలో ఉండిపోతే చాలు.

రాత్రి డాబా మీద పడుకునే అలవాటుంటే ధ్రువ నక్షత్రం చూపించండి. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి పడితే ఒక పిడికిలి సుమారు పది డిగ్రీలు. ఉత్తరాన నేల అంచు నుంచి రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తే మన అక్షాంశం. చిన్నపిల్లల చేతికి చిన్న పిడికిలే కాబట్టి వాళ్లకీ లెక్క ఇంచుమించు సరిపోతుంది, అది భలే ఉంటుంది.

ఇజీనారం_అప్ప

అయ్యో మాస్టారూ! పదేళ్ల నుంచి పిల్లలకి ఉత్తరం అనే చెప్తన్నాను. ట్యూషన్ సెలవుల్లో ఉండదు కదా, ఎప్పుడూ డిసెంబర్ జనవరిలో కర్ర పెట్టించేదాన్ని, అందుకే దొరకలేదు. ఈసారి స్కూళ్లు తెరవగానే పెట్టించి నా తప్పు నేనే చూపిస్తాను. సారీ సిక్కోలు అమ్మగారూ.

బారువ_బావ

నాను బారువ దగ్గిరోన్ని, సముద్రం పక్కనే మా ఊరు. మా దగ్గిర పిల్లలకి దిక్కులు ఎవుళూ నేర్పరు బావూ, తుఫాన్లే నేర్పుతాయి. టీవీలో ఏటంటారు, వాయుగుండం కళింగపట్నానికి ఆగ్నేయంగా 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నాది, వాయవ్య దిశగా కదుల్తంది అని. ఆ ఒక్క ముక్క అర్థం సేసుకుంటే మ్యాపు వచ్చీసినట్టే. ఎందుకంటే సముద్రం మీద ఊర్లుండవు, వీధులుండవు, ఫలానా జంక్షన్ దగ్గిర అని సెప్పనాకి లేదు. ఒడ్డున ఉన్న ఒక ఊరి పేరు, ఒక దిక్కు, ఇంత దూరం, ఈ మూడే దాని అడ్రసు.

మా గుంటలకి ఏటి సేస్తానంటే, మ్యాప్ నేల మీద పరిసి (మాస్టారు సెప్పినట్టే, మాకు గోడ లేక, వాన నీళ్లు కారతాయి) కళింగపట్నం మీద శనగగింజ పెట్టి, మ్యాప్ కింద ఉన్న స్కేలు గీత మీద దారం కొలిసి, ఆగ్నేయం వైపు లాగి ఇంకో గింజ పెడతాం. రేడియోలో మళ్లీ సెప్పినప్పుడు గింజ జరపడమే. 2018 అక్టోబర్ 11న తెల్లారగట్ల తిత్లీ పలాస దగ్గిర ఒడ్డెక్కినాది. ముందురోజు రాత్రి కరెంటు పోయేవరకూ మా పెద్దోడు గింజలు జరుపుతానే ఉన్నాడు, నాన్నా ఇది మనకాడికే వస్తంది అన్నాడు, ఆడికప్పుడు తొమ్మిదేళ్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి ఎంత పోనాదో అందరికీ తెలిసిందే, ఆ మాటలు ఇప్పుడొద్దు.

ఒక్క మెలిక ఉన్నాది, పెద్దోళ్లు కూడా పడతారు. తుఫాను వాయవ్యంగా కదుల్తంది అంటే వాయవ్యం వైపుకి పోతంది అని. అదే నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వస్తంది అని. ఒకటి పోయే దిక్కు, ఒకటి వచ్చే దిక్కు. నైరుతి రుతుపవనాలు నైరుతికి ఎల్తాయి అని మా ఇంటిది నాతో గంట దెబ్బలాడింది.

నాకెందుకీ_గోల

నేను మొన్న వేళాకోళంగా రాసిన దానికి మా ఇంట్లోనే తిట్లు పడ్డాయి, చదివి చూపించాను మరి. ఒప్పుకుంటాను. పోయినేడు ఫోన్ మ్యాప్ పట్టుకుని హిరమండలం వైపు ఒక పెళ్లికి వెళ్తే ఎడమకి తిరుగు అని చెప్పి కాలవ గట్టు ఎక్కించీసింది, గట్టు చివర దారే లేదు. కారు వెనక్కి తియ్యడానికి గంట పట్టింది, తాళి కట్టడం అయిపోయాక భోజనాలకి చేరాం. సూర్యుడు ఎటున్నాడో చూసుకున్నా తెలిసేది. అయినా నా డౌటు నాకుంది, ఫోన్‌లో మ్యాప్ మనం తిరిగినట్టల్లా తిరుగుతాది కదా, అది పిల్లలకి ఈజీ కాదా? నేల మీద పరిచే బాధే ఉండదు.

గొలుసు_లింకు

మంచి ప్రశ్నే. నేల మీద మ్యాప్ పరిచి దిక్కుకి తిప్పడమూ, ఫోన్ దానంతటది తిరగడమూ చూడ్డానికి ఒకటే. కానీ తిప్పేది పిల్లాడు కాదు, ఫోను. వాడి పని అది చేసేస్తంది. అందుకని ఫోన్‌లో మూల చిన్న కంపాస్ గుర్తు ఉంటాది చూడండి, దాన్ని నొక్కితే ఉత్తరం పైకి వచ్చి నిలబడతాది, తర్వాత తిరక్కుండా ఉంచి ఫోన్‌ని చేత్తో తిప్పమనండి. బస్సులో కిటికీ సీటు దొరికితే అలగ చూపించండి. రైలైతే ఇంకా బావుంటాది, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో (అదే ఆమదాలవలస స్టేషన్) ఎక్కి పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, విజయనగరం అని ముందే కాయితం మీద వరసగా రాసిచ్చి ఒక్కొక్కటి వచ్చినప్పుడు టిక్కు పెట్టమంటే దిగేదాకా అల్లరి ఉండదు. విజయనగరంలో పట్టాలు చీలతాయి, ఒకటి విశాఖ వైపు, ఒకటి బొబ్బిలి, పార్వతీపురం మీంచి రాయగడ వైపు. మ్యాప్‌లో చీలిక ముందే చూసుంటే అక్కడ కిటికీలోంచి తల తిప్పడు (తల బయట పెట్టకుండా చూసుకోండి).

సిక్కోలు_అమ్మ

వారం తర్వాత వచ్చాను, అందరికీ థాంక్స్. మ్యాప్ గోడ మీంచి తీసేశాను, టేప్‌తో పాటు సున్నం కూడా ఊడొచ్చింది, మా ఆయన ఇంకా దాని మీదే ఉన్నారు. నేల మీద పరిచి మాస్టారు చెప్పినట్టు కూర్చోబెట్టా. వేలు సముద్రం వైపు లాగాడు, చెయ్యి చాపాడు, వీధి గుమ్మం వైపు చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అంటే గుమ్మంలోంచి తిన్నగా వెళ్తే కళింగపట్నమా" అన్నాడు. అవును మధ్యలో ఎదురింటి ఆంటీ వాళ్ల గోడ అడ్డం అన్నా.

దారి బొమ్మ కూడా గీశాడు, ఇంటి నుంచి అరసవల్లి గుడి దాకా. మా వాడి బొమ్మలో కుక్క లేదు గానీ చెరుకురసం బండి గుడంత ఉంది. దిద్దలేదండీ అప్ప గారూ, ఒట్టు. గులకరాళ్లు పెట్టాడు, మూడు రోజులు పెట్టాడు, రోజూ పొట్టి నీడ దక్షిణానికే వస్తోంది, జూలై ఆఖరి దాకా చూస్తానని క్యాలెండర్ మీద రాసుకున్నాడు. అది అంటించింది మాత్రం ఉత్తరం వైపే, టీవీ పక్కన. మా అత్తగారు సంతోషం.

నిన్న సాయంత్రం డాబా మీద మా అత్తగారితో కలిసి చుక్కలు పెట్టి జిల్లా మొత్తం ముగ్గు వేశారు, చుక్కకి పది కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దగ్గర చుక్కలు చాలక పిట్టగోడ అడ్డొచ్చింది, చుక్కకి ఇరవై పెట్టుకుందాం నాన్నమ్మా అని వాడే అన్నాడు గొలుసు గారూ, నేను నోరు మెదపలేదు. మళ్లీ మొదట్నుంచి వేశారు. నాగావళికి నీలం రంగు పొడి, వంశధారకి కూడా నీలమే కావాలని, ఉన్న నీలమంతా నాగావళికే అయిపోతే వంశధార గులాబీ రంగులో వచ్చింది. ఫోటో తీసి ఇక్కడ పెడదామనుకునే లోపు గాలివాన దంచి కొట్టింది. రెండు నదులూ కలిసిపోయి డాబా గొట్టంలోంచి పెరట్లోకి పోయాయి. మావోడు వానలో నిలబడి "అమ్మా ఇది ఏ దిక్కు నుంచి వస్తోంది చెప్పు" అని అరుస్తున్నాడు, నాకు తెలీలేదు, బారువ బావగారూ మీరే చెప్పాలి, సాయంత్రం అయిదింటప్పుడు, కొబ్బరాకులన్నీ సముద్రం వైపుకి వాలాయి.

బారువ_బావ

ఆకులు సముద్రం వైపుకి వాలినాయంటే గాలి కొండల పక్కనుంచి వచ్చినాది, పడమర గానీ వాయవ్యం గానీ. ఆడినే సెప్పమనండి, ఆకు పోయే దిక్కుకి ఎదర దిక్కు గాలి పేరు. మా కాడ కూడా అదే టైముకి పడినాది, కొంచెం ఎనకాల.

సిక్కోలు_అమ్మ

"కొంచెం ఎనకాల" అన్నది చదివి వినిపించా. అయితే మనకి ముందు పడి తర్వాత బారువకి వెళ్లిందా, బారువ పైన ఉంది కదా అన్నాడు. పైన కాదురా ఈశాన్యం అన్నా. ఆఁ అదే అన్నాడు.

నీలం పొడి రెండు ప్యాకెట్లు తెచ్చాను. డాబా ఆరాక మళ్లీ వేస్తారంట.